ఆరున్నొకటి

నాకు కోపం ఎక్కువ. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులొచ్చి కాస్త తగ్గింది గానీ, ఇరవై రెండేళ్ళ వయసులో అది ముక్కు మీదే ఉండేది. "నువ్వు పంతులమ్మవైతే ఆ పిల్లల గతేంటే" అని మా అమ్మ నవ్వేది. అయ్యాను. డెబ్బైల నడుమ, ట్రైనింగు పూర్తయిన మరుసటి సంవత్సరమే తిరువూరులో ఒక ఎలిమెంటరీ స్కూల్లో వేశారు. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, అమ్మ ఇచ్చిన బైబిలు పట్టుకుని బెజవాడ బస్సు దిగాను. బస్టాండుకి దగ్గర్లోనే గది దొరికింది.

మాది రైల్వే క్వార్టర్స్. నాన్నగారు గుమాస్తా. బియ్యం అంటే నాకు గోనెసంచిలో ఇంటికొచ్చే సరుకు, అంతే. అది ఎక్కడ పండుతుందో, ఎవరు నూరుస్తారో, ఎవరు కొలుస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. తరవాత జరిగిందానికి నా కోపం సగం కారణమైతే, నా తెలియనితనం మిగతా సగం.

నాకు రెండో తరగతి ఇచ్చారు. లెక్కల పుస్తకంలో కూడికలు, తీసివేతలు అయ్యాక కొలతలు వచ్చేవి. మీటర్లు, లీటర్లు, కిలోగ్రాములు. వాటిని చూపించడానికి డిపార్టుమెంటు వాళ్ళు ఒక చెక్కపెట్టె పంపారు. అందులో మీటరు కర్ర, రేకు లీటరు డబ్బాలు, ఇనప రాళ్ళు ఉండేవి. ఆ పెట్టె హెడ్మాస్టరు గారి బీరువాలో తాళం వేసి ఉండేది. ఆయన పెద్దమనిషి, నెమ్మదైన వాడు. అడిగితే, "ఇన్‌స్పెక్టరు గారొచ్చినప్పుడు కొత్తగా కనపడాలమ్మా" అన్నారు. అందుకని నేను నోటితోనే లీటరు గురించి చెప్పాను. "లీటరంటే ఏంటో తెలుసా?" అని అడిగితే ముందు బెంచీలోంచి ఒకడు లేచి, "కిరసనాయిలండి" అన్నాడు. తప్పని ఎలా చెప్పను? వాడు చూసిన లీటరు రేషను షాపులోది మరి.

ఆ క్లాసులో గుమ్మం పక్కన కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. అందరికన్నా ఒక జానెడు పొడుగు. ఎందుకంటే రెండో తరగతి చదవడం తనకది రెండోసారి. రెండు జడలకీ చీరంచు పీలికలు కట్టుకుని వచ్చేది. వాళ్ళ నాన్న రైతుల కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడు, వాళ్ళమ్మ కూలికి వెళ్ళేది. మొదటి వారంలోనే హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి ఆ పిల్ల సంగతి చెప్పారు. "తెలుగు వాచకం గడగడా చదువుతుందమ్మా. లెక్కలే గండం. ఈసారి కూడా తప్పితే బడి మానిపించి వాళ్ళమ్మతో పత్తి తీతకి పంపిస్తానని వాళ్ళ నాన్న నాతో చెప్పేశాడు. మాట మీద నిలబడే మనిషి. నీ చేతుల్లో ఉంది" అన్నారు.

నా చేతుల్లో ఉందంటే నాకు గర్వమేసింది. మూడు నెలల్లో లైన్లో పెడతాననుకున్నాను.

ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పమన్నాను. చేతులు కట్టుకుని నిలబడి, "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది" అంటూ పోయింది. షాపుల వాళ్ళ పిల్లలు, ఉద్యోగస్తుల పిల్లలు పగలబడి నవ్వారు. పొలాలున్న ఇళ్ళ పిల్లలు నవ్వలేదు, నా మొహం చూశారు. ఆ తేడా నేను అప్పుడు గమనించలేదు. నాతో వేళాకోళమాడుతోందనుకున్నాను.

"లాభమేంటి? ఒకటి అను."

"ఒకటి" అంది, కాసేపు ఆలోచించి.

"ఆరు తరవాత?"

"ఆరున్నొకటి టీచర్."

పలక మీద రాయమంటే ఆరు వేసి పక్కన ఒకటి వేసింది. అరవై ఒకటి అయి కూర్చుంది. పదిహేడు రాయమంటే పదహారున్నొకటి అని గొణుక్కుంటూ పదహారు పక్కన మళ్ళీ ఒకటి వేసింది. ఇరవై దాటాక కూడా ఇదే వరస. నిరుడు పరీక్షలో ఎందుకు తప్పిందో తెలిసిపోయింది.

ట్రైనింగులో చెప్పినట్టు చీపురుపుల్లలు తెచ్చాను. పదేసి కట్టలు కట్టించాను. లెక్కపెట్టి చూపించమంటే సరిగ్గా ఏడు పుల్లలు తీసి నా ముందు పెట్టింది. దాని కింద పలక మీద మాత్రం 61. పుల్లలు సరిగ్గా తీసిన పిల్లకి లెక్క వచ్చినట్టే కదా అని నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఇంత మొండితనం ఏ పిల్లలోనూ చూడలేదనిపించింది.

ఒకరోజు నా ఓపిక పూర్తిగా అయిపోయింది. పిల్లని బల్ల దగ్గరికి పిలిచి, చెక్క స్కేలు పట్టుకుని, "ఏడు అను" అన్నాను. అనలేదు. అరచేతి మీద ఒకటి వేశాను. "అను. ఏడు." పెదవులు బిగించింది. ఇంకోటి. నేను గొంతు పెంచి, బల్ల మీద స్కేలు కొడుతూ, "ఏడు... ఏడు... ఏడు..." అంటూనే ఉన్నాను. ఆ పిల్ల కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. నేను చెప్పమన్న అంకె చెప్పలేదు గానీ, నా నోట్లోంచి వచ్చిన మాట అక్షరాలా పాటించింది. ఆ సంగతి ఆ సాయంత్రం గదికొచ్చి అన్నం కలుపుకుంటుంటే గాని నాకు తట్టలేదు. కంచం పక్కకి నెట్టేశాను. అయినా పొద్దున్నే మళ్ళీ అదే కోపంతో వెళ్ళాను, అది వేరే సంగతి. ఆ వారంలోనే ఇంకో రెండు సార్లు స్కేలు తీశాను.

ఆ పిల్ల మాత్రం బడి మానలేదు. చేతులు కమిలినా తెల్లారేసరికి గుమ్మం పక్కన ఉండేది.

జనవరిలో నాలుగు రోజులు వరసగా రాలేదు. భయమేసింది. నా వల్లే మానేసిందా అని. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలో చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. "పంతులమ్మగారా. జొరమేం కాదండి. వాళ్ళ నాన్నకి సాయం వెళ్ళింది. ఎ.కొండూరు రోడ్డులో కళ్ళం కొలుస్తున్నారు" అంది. ఎండ ముదరకముందే అని నడుచుకుంటూ పోయాను.

రోడ్డు పక్కనే పేడతో అలికిన కళ్ళం. మధ్యలో ధాన్యం రాశి. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు గానీ ఎవరూ మాట్లాడటం లేదు. రైతు కూడా కండువా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల తండ్రి రాశి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కుంచం నిండా ధాన్యం ముంచి, అరచేత్తో పైన తుడిచి గోనెలో పోస్తున్నాడు. మొదటి కుంచం పోస్తూ, "లాభం... లాభం... లాభమే" అని సాగదీశాడు. తరవాత "రెండూ రెండూ", "మూడూ మూడూ". తరవాతి కుంచం చేతికొచ్చేదాకా ఆ అంకె నోట్లో ఆగేది కాదు. నేను కూడా లోలోపల కలిపి లెక్కపెడుతున్నాను. ఆరు అయింది. "ఆరున్నొకటీ" అన్నాడు ఆయన.

నా చెవులు వేడెక్కాయి. అక్కడ ఎవరూ నవ్వలేదు.

ఆ పిల్ల తండ్రి పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. నాలుగు కుంచాలైనప్పుడల్లా ఒక గడ్డిపరక విరిచి తన ముందు పెడుతోంది. నాలుగు కుంచాలు ఒక తూము. నన్ను చూసింది గానీ లేవలేదు, లెక్క వదిలేస్తే ఎలా? రాశి అయిపోయాక తండ్రి వెనక్కి తిరగకుండానే, "ఎంతమ్మా?" అన్నాడు. "పన్నెండు తూములు, పైన మూడు కుంచాలు నాన్నా" అంది తడుముకోకుండా. రైతు తలూపాడు. అంటే యాభై ఒకటి. నా లెక్కకి నలభై తొమ్మిదే వచ్చాయి. ఎక్కడో రెండు నేనే పోగొట్టుకున్నాను.

అప్పుడు తండ్రి నా దగ్గరికొచ్చి తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు. కూర్చోమని గోనె పరిచాడు.

"నాలుగు రోజులు బడి పోగొట్టానండి. ఇంకెవరు పట్టినా లెక్క తప్పుతారండి" అన్నాడు.

"అంత లెక్క వచ్చిన పిల్ల నా దగ్గర ఎందుకు చెప్పదు? ఏడు అనదేం?" అన్నాను. ఆ మాట వినగానే ఆయన గబుక్కున రాశి ఉన్న చోటు వైపు చూశాడు. అక్కడ గోనెలు కుట్టేస్తున్నారు. కాస్త స్థిమితపడ్డాడు.

"మేం అనమండి. రాశి ముందు మొదటిది లాభం అంటాం. ఒంటిగా మొదలెట్టకూడదని. ఆరు తరవాతది అంటే కళ్ళనీళ్ళ మాటండి అది. మా నోటితో అని రైతుకి తెచ్చిపెట్టటం ఎందుకండీ? దానికి మాటలొచ్చిన కాడినించీ నా పక్కనే కూచుంది. అట్టాగే అలవాటైపోయింది."

"పరీక్షలో తప్పుతుంది మరి."

ఆయన కూతురి వైపు చూశాడు. "నాకు మాత్రం మానిపించాలనుందాండి? ఒకే క్లాసులో మూడేళ్ళు కూచుంటే పిల్ల సిగ్గుతో చచ్చిపోద్దండి. గట్టెక్కిందా, పంపుతా. లేకపోతే వాళ్ళమ్మతో పంపుతా. అంతేనండి" అన్నాడు.

తిరిగొస్తుంటే దారంతా సిగ్గేసింది. నేను మొద్దు అని ముద్ర వేసిన పిల్ల ఒక ఊరి పంటకి లెక్క పట్టుకుంటోంది. నేను చీపురుపుల్లలతో నేర్పబోయింది ఆ పిల్ల గడ్డిపరకలతో నాకన్నా బాగా చేస్తోంది. నా మీద నాకే కోపమొచ్చింది. అది నాకు కొత్త.

మరుసటి రోజు తెలిసినవాళ్ళింట్లో ఒక పాత కుంచం, ఒక తవ్వ, ఒక సోల అడిగి తెచ్చాను. బడి అరుగు మీద ఇసక పోయించాను. పెట్టెలోని లీటర్లు పెట్టెలోనే ఉండనీ అనుకున్నాను. రెండు సోలలు ఒక తవ్వ, ఎనిమిది తవ్వలు ఒక కుంచం. పిల్లలు ఇసక ముంచడం, పోయడం, తుడవడం, పోట్లాడుకోవడం. నేను ఆ పిల్లని కుంచం దగ్గర కూర్చోబెట్టాను. ఆరు తవ్వలు పోసింది. ఇంకొకటి పొయ్యమన్నాను. పోసింది.

"ఇప్పుడు ఇందులో ఆరు వేరుగా, ఒకటి వేరుగా కనపడుతున్నాయా?"

కుంచంలోకి వంగి చూసింది. "లేదు టీచర్. కలిసిపోయినయ్."

"కలిసిపోయిన దాన్ని విడివిడిగా రాస్తామా?"

కాసేపు ఇసక వైపే చూసింది. తరవాత చేయి దులుపుకుని, పలక తీసుకుని, అంతకుముందు నేను వందసార్లు చూపించిన 7 వేసింది. పక్కన ఇంకేమీ వేయలేదు. "ఆరున్నొకటి కలిస్తే ఇదా?" అంది. అవునన్నాను. పదిహేడు కూడా సరిగ్గానే వేసింది. ఆ రోజు తరవాత రాతలో తప్పు వెతుకుదామన్నా దొరకలేదు. ఎండాకాలం వచ్చేసరికి కూడికలు, తీసివేతలు, కొలతలు అన్నీ ఎవరి సాయం లేకుండా చేసేది. నేను స్కేలు బల్ల సొరుగులో పడేశాను.

నోరు మాత్రం మారలేదు. ఏడు అని బోర్డు మీద చూపిస్తే ఆరున్నొకటి అనే చదివేది. నాకది ఇప్పుడు తప్పనిపించేది కాదు. హెడ్మాస్టరు గారే గుర్తు చేశారు. "రాత బాగుందమ్మా. కానీ నోటి లెక్క కూడా ఉంటుంది. నిరుడు తప్పిన వాళ్ళని ఈసారి ఇన్‌స్పెక్టరు గారే అడుగుతానన్నారు. ఆయన ముందు నోరు విప్పకపోతే నేనేం చేయలేను" అన్నారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం బడి వదిలాక పది నిమిషాలు కూర్చోబెట్టుకున్నాను. బతిమాలాను. "ఇక్కడ రాశి లేదుగా. రైతు లేడుగా. నేనొక్కదాన్నే ఉన్నాను. ఒక్కసారి అను" అనేదాన్ని. తల వంచుకునేది. కాలి బొటనవేలితో నేల రాసేది. మేమిద్దరమే ఉన్నా ఎందుకనదో నాకు అర్థమయ్యేది కాదు.

పరీక్ష నాటికి ఒంటిపూట బడులు. ఇన్‌స్పెక్టరు గారు గొడుగు మడుచుకుంటూ లోపలికొచ్చారు. చెడ్డవారు కాదు, తొందరలో ఉన్నవారు, పన్నెండు గంటల బస్సుకి వెళ్ళాలి. బల్ల మీద లీటరు డబ్బాలు తళతళలాడుతున్నాయి. అరుగు మీద ఇసక, కుంచం చూసి, "ఇదేంటమ్మా, లీటర్లొచ్చి ఇన్నేళ్ళయ్యాక?" అన్నారు. "పిల్లలకి చేతికందింది ఇదేనండి" అన్నాను. సరేలెమ్మన్నట్టు చూసి, "అయితే దాంతోనే అడుగుదాం" అని ఆ పిల్లని పిలిచారు.

"కుంచానికి ఎన్ని తవ్వలు?"

"ఎనిమిదండి."

"ఒక తవ్వ తీసేస్తే?"

ఇన్ని అంకెలుండగా అదే అడగాలా ఆయన. ఆ పిల్ల సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 7 వేసింది.

"చదువు."

చదవలేదు.

"రాసిందాన్ని చదవలేవా? ఎవరైనా చూపించారా నీకు?" అంటూ ఆయన రిజిస్టరు తెరిచారు. కలం మూత తీశారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ కలం ఆ కాగితం మీద ఆనితే ఇక ఆ పిల్ల చోటు పత్తి చేలోనే. ఒక్క మాట కోసం. నాకు ఆయన చేతిలోంచి కలం లాక్కోవాలనిపించింది.

ఆ పిల్ల ఆయన్ని కాదు, నన్నే చూస్తోంది. మెల్లగా నా దగ్గరికి నడిచొచ్చి, నా చీర కొంగు పట్టుకుని, చిన్నగా అడిగింది.

"టీచర్, మీరోసారి బయటికెళ్తారా?"

ఇన్‌స్పెక్టరు గారు కూడా విన్నారు. నా మొహం ఎర్రబడిపోయింది. మాట్లాడకుండా అరుగు మీదికి వెళ్ళి, కిటికీ పక్కన నిలబడ్డాను. తరవాత లోపల్నుంచి, ఏ తడబాటూ లేని గొంతు వినపడింది.

"ఏడు."

"ఇది?"

"పదిహేడు."

"ఇది?"

"ఇరవై ఏడు." అలా ఆయన రాస్తూ పోయారు, ఆ పిల్ల చదువుతూ పోయింది. వాళ్ళ నాన్న కళ్ళంలో చుట్టు తిప్పి చెప్పే అంకెలన్నీ తిన్నగా చెప్పింది. నేను ఇసక పక్కన కూలబడ్డాను. నేనే అడ్డం అన్నమాట. నా స్కేలుకి భయపడి ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది. నేను లేకపోతే చక్కగా చెప్పగలదు. సంవత్సరమంతా నేను నేర్పింది ఆ భయమేనని అనిపించి, ఏడుపు ఆపుకోవడం కష్టమైంది.

ఆ పిల్ల బయటికొచ్చింది. "పాసంట టీచర్. మూడో తరగతంట" అంది.

నేను నవ్వబోయాను, రాలేదు. "నేనుంటే భయమా నీకు? అందుకేనా బయటికెళ్ళమన్నావ్?" అని అడిగాను.

ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "భయం కాదు టీచర్. మనం మంచి కోరేవాళ్ళ ముందర ఆ మాట అనకూడదు. వాళ్ళకి కష్టమొస్తుంది. మా అమ్మ ముందర కూడా అనను."

"మరి క్లాసులో పిల్లలందరూ నా ముందే అంటారుగా?"

"వాళ్ళు అన్నప్పుడల్లా నేను మనసులో ఆరున్నొకటి అనేదాన్ని. సరిపోద్దని."

"ఇన్‌స్పెక్టరు గారు?"

కొంచెం ఆలోచించింది. "ఆయన బస్సెక్కి వెళ్ళిపోతారుగా టీచర్" అంది.

నేను కొట్టిన దెబ్బలు నా మేలు కోసం తింది ఆ పిల్ల. చెయ్యి చాచి, పెదవులు బిగించి, నాకేమీ కాకూడదని. ఆ రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. అరచేతులకి సుద్దపొడి అంటుకుని ఉంది. క్షమించమని అడగాలని ఎంతగానో అనిపించింది. అప్పట్లో టీచర్లు పిల్లల్ని క్షమించమని అడిగే అలవాటు లేదు. "ఇంటికెళ్ళి మీ నాన్నకి చెప్పు" అని మాత్రం అన్నాను. రెండు జడలూ ఎగురుతుంటే పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. అడగాల్సింది.